చనిపోయిన మనిషి ఇంటర్వ్యూ

కిందటి వారం పుష్పవల్లిని ప్రొఫెసర్ వసంతి గది తలుపు ముందు నిలబెట్టి మన దారిన మనం వెళ్లిపోయాం. చెయ్యి తలుపు మీద, ప్రాణం గొంతులో. వారమంతా నాకు అదే బెంగ. పరాయి ఆడపిల్లను వరండాలో నిలబెట్టి నేను మాత్రం ఇంట్లో వేడివేడిగా భోంచేశానే అని. ఇక ఆలస్యం చెయ్యను, తలుపు తట్టిస్తాను. ఆమె లోపలికి వెళ్లేలోగా, ఈ కథలోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్లకు కాస్త వెనకటి సంగతి.

పుష్పవల్లిది మలేషియాలో పెరాక్ తీరంలోని బాగన్ దాతుక్. కొబ్బరి తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ల నాలుగో తరం. ఆ తోటల్లో కొబ్బరి చిప్పలను పొగపెట్టి ఎండబెట్టే కొట్టాల్లో, అంటే పొగకొట్టాల్లో, పనిచేసినవాళ్ల బతుకు మీద ఆమె థీసిస్ రాసింది. దానికి డాక్టరేట్ వస్తే సుంగై పెటానిలో ఒక కాలేజీ ఉద్యోగం ఆమె కోసం కాచుకుని ఉంది. భర్త జయకుమార్ ఆ ఊళ్లోనే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. చదువు కోసం ఆమె కువాలా సెలంగోర్‌లో అన్నమ్మ పిన్ని ఇంట్లో, అతను అక్కడ అద్దెగదిలో. పెళ్లయిన దగ్గర్నుంచీ శనివారం కలిసి ఆదివారం విడిపోయే కాపురం. ఆ ఉద్యోగం వస్తే అది ఒక కప్పు కిందికి చేరుతుంది. ఈ డిసెంబరు దాటితే మాత్రం కాలేజీవాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు.

ఒడ్డున పడ్డాననుకుంటున్న సమయంలో పరీక్షకురాలు వసంతి దగ్గర్నుంచి ఈమెయిలు వచ్చింది. "నీ థీసిస్‌లోని ఆధారాలు కొన్ని నువ్వు సేకరించినవి కావనీ, ఏఐ చేత కల్పించినవనీ నాకు అనుమానం. వచ్చి సంజాయిషీ చెప్పు. నాకు తృప్తి కలగకపోతే క్రమశిక్షణ సంఘానికి పంపక తప్పదు." ఏ ఆధారాలో, వాటిలో తప్పేమిటో ఒక్క ముక్క లేదు. అదండీ సంగతి. ఇక తట్టు తల్లీ.

తట్టింది.

గదిలో ఏసీ చలి. బల్ల వెనక ప్రొఫెసర్ వసంతి. అరవై దాటిన మనిషి, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, కళ్లజోడు గొలుసుకు వేలాడుతోంది. ఆమె ముందు పుష్పవల్లి థీసిస్. దాని అంచుల నిండా గులాబి రంగు కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. ఒక్కో ముక్క ఒక్కో తప్పన్నమాట.

పక్క కుర్చీలో పుష్పవల్లికి మార్గదర్శకుడైన డాక్టర్ శివనేశన్. తండ్రి తమిళం, తల్లి తెలుగు. ఒళ్లో ఒక డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. అందులో కరిపాప్‌లు, అంటే బంగాళదుంప కూర పెట్టి వేయించిన కజ్జికాయల్లాంటివి. వస్తూ దారిలో కొన్నాడు. తీరా వచ్చాక ఇది తినే సందర్భమో కాదో తేల్చుకోలేక మూత మీద చెయ్యి తియ్యకుండా ఉన్నాడు.

"కూర్చో. నలభయ్యో పేజీ తీసి చదువు" అంది వసంతి ఇంగ్లీషులో.

పుష్పవల్లి చదివింది. "జపానువాళ్లు వచ్చేనాటికి నాకు మీసం మొలుస్తోంది. పొగకొట్టంలో మంట ఆరిపోకుండా చూడడం నా పని, అన్నాడు అప్పడు."

"అడుగున ఫుట్‌నోట్?"

"అప్పడు, ఏ-ఎల్ కూర్మయ్య. ఇంటర్వ్యూ, బాగన్ దాతుక్, 2023."

మలేషియాలో ఏ-ఎల్ అంటే ఫలానావాడి కొడుకు అని. ఇంటిపేర్లు లేని మన ఇండియన్లకు తండ్రిపేరు ఇలా వెనక తగిలిస్తారు.

"ఇప్పుడు పేజీ తిప్పు. మొదటి వాక్యం."

పుష్పవల్లి తిప్పింది. చదవబోయి ఆగిపోయింది. ఆ వాక్యం ఆమె రాసిందే, నిజమైనదే. కానీ ముందు పేజీ ఫుట్‌నోట్ చదివిన నోటితో అది పైకి రాలేదు.

వసంతే చదివింది. "అప్పడు 1989లో ఆ పొగకొట్టం పక్కనున్న కూలీల ఇళ్ల లైనులోనే చనిపోయాడు." కళ్లజోడు తీసింది. "చనిపోయిన మనిషిని ముప్పై ఏళ్ల తర్వాత ఎలా ఇంటర్వ్యూ చేశావమ్మా? ఇదొక్క చోటైతే పొరపాటు అనుకునేదాన్ని. ఈ గులాబి కాగితాలన్నీ అవే. థీసిస్‌లో సగం ఆ చనిపోయినాయన మాట్లాడుతూనే ఉన్నాడు."

పుష్పవల్లికి ఏమీ అర్థం కాలేదు. థీసిస్ ఎన్నిసార్లు చదువుకుందో ఆమెకే తెలియదు. చదివింది తన వాక్యాలు. ఫుట్‌నోట్లు చదవలేదు, ఎందుకంటే అవి రాసేది ఆమె కాదు. కంప్యూటర్లో రెఫరెన్సుల సాఫ్ట్‌వేర్ ఉంది, అది పెడుతుంది. రైస్ కుక్కర్‌లో పోసిన బియ్యాన్ని నిమిషానికోసారి మూత తీసి చూస్తామా? అలాగే వదిలేసింది.

"సాఫ్ట్‌వేర్..." అంది నోరు తెరిచి.

"ఆ మాట వస్తుందని తెలుసు" అంది వసంతి. "ఈ ఏడాది నా దగ్గరికి వచ్చిన థీసిస్‌లలో ఇంకో రెండిటిలో అచ్చు కాని పుస్తకాలున్నాయి, పుట్టని రచయితలున్నారు. వాళ్లూ సాఫ్ట్‌వేర్ అనే అన్నారు. మా రోజుల్లో ఒక్కో ఆధారానికి ఒక్కో అట్టముక్క. చెప్పుల డబ్బాల్లో వరసగా పెట్టుకునేవాళ్లం. అట్టముక్క చనిపోయినవాడి చేత మాట్లాడించదు."

"నా అట్టముక్కలు చెదలు తినేశాయి ప్రొఫ్" అన్నాడు శివనేశన్ గాలి కాస్త తేలికపడుతుందేమోనని. పడలేదు. డబ్బా మీద చెయ్యి మళ్లీ బిగించాడు.

పుష్పవల్లికి అప్పుడు కోపం వచ్చింది. మంచిదే అయింది, ఎందుకంటే భయంతో బిగుసుకున్న నోరు కోపానికి తెరుచుకుంది.

"ప్రొఫ్, అవి రెండూ ఒకటి కావు. వాళ్లు వాడింది అడిగితే చెప్పే యంత్రం. తెలియకపోతే కల్పించి చెప్తుంది. నేను వాడేది నేనిచ్చింది దాచే యంత్రం. నేను పెట్టకపోతే అందులో ఏమీ ఉండదు. లాప్‌టాప్ తెరవనివ్వండి, చూపిస్తాను."

వసంతి గడియారం చూసింది. తర్వాత థీసిస్ పక్కకు జరిపి లాప్‌టాప్‌కు చోటిచ్చింది.

ఈ సాఫ్ట్‌వేర్ గురించి అన్నమ్మ పిన్ని ఒకసారి అడిగినప్పుడు పుష్పవల్లి చక్కగా చెప్పింది. "పిన్నీ, నువ్వు వంటింట్లో డబ్బాలన్నిటికీ పేర్లంటించి పెట్టుకుంటావు గదా, ఇదీ అంతే. కాపోతే నేను కూరొండతంటే ఏ డబ్బాలోది ఏసినానో అదే రాసుకుంటాది." పిన్ని ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కడ అమ్ముతారని అడిగింది. ప్రొఫెసర్ దగ్గర మసాలా డబ్బాల మాట ఎత్తలేదు గానీ, చూపించింది మాత్రం అదే. ఎడమవైపు అధ్యాయాల వారీగా అరలు. మధ్యలో పుస్తకాలు, వ్యాసాలు, రికార్డింగులు. ఒకదాని మీద నొక్కితే కుడివైపు దాని జాతకమంతా, ఎవరు రాశారు, ఎక్కడ, ఎప్పుడు, ఈ అరలోకి ఏ రోజున చేరింది అని.

"ఇది తెరువు" అంది వసంతి ఒక పాత పుస్తకం పేరు మీద వేలుపెట్టి.

తెరిచింది. లైబ్రరీలో తీసిన అట్ట ఫొటో, కావలసిన పేజీల స్కాన్లు, వాటి పక్కన పుష్పవల్లి రాసుకున్న నోట్సు. ఒక స్కాన్ మూలన ఆమె బొటనవేలు కూడా పడింది.

"ఇది?"

అదీ ఉంది.

"ఇది ఉండదు. ఈ వ్యాసం నా దగ్గర తప్ప ఎక్కడా లేదు."

"పెనాంగ్‌లో ఒకాయన దగ్గర దొరికింది ప్రొఫ్" అంటూ తెరిచింది. వ్యాసం రాసింది వసంతే. పక్కన పుష్పవల్లి నోట్సులో 'ఈ వాదన ఒప్పుకోలేను, కానీ భలే రాసింది' అని ఉంది. అది కళ్లబడగానే పుష్పవల్లికి భూమిలోకి దిగిపోవాలనిపించింది. వసంతీ అది చదివింది. పెదవి చివర ఒక ముడత పడి విడిపోయింది.

"సరే. నువ్వు కల్పించే మనిషివి కాదు" అంది చివరికి. "మరి అప్పడు?"

పుష్పవల్లి అప్పడి పేరు మీద నొక్కింది. అప్పడు, ఏ-ఎల్ కూర్మయ్య, 2023. దాని కింద రెండు ఆడియో ఫైళ్లు. ఒకటి పాత క్యాసెట్ నుంచి ఎక్కించింది. ఇంకొకటి ఆమె ఫోన్లో తీసింది.

ఆమె ఆ రెండిటినీ మార్చి మార్చి చూసింది. అప్పుడు ఆమె నోట్లోంచి ఇంటిభాష ఊడిపడింది. "ఓలమ్మో. ఇయి రెండూ ఒకేదాని కిందకి ఎలాగొచ్చినాయి? నేను రెండు పెట్టినాను గదా. ఇద్దరు మనుసులు గదా!"

"ఏ ఇద్దరు?" అంది వసంతి.

"ప్రొఫ్, ఒక ఫోన్ చెయ్యనిస్తారా?"

"ఎవరికి?"

"అప్పడు మావకు."

"చనిపోయినాయనకా?" అంది వసంతి. శివనేశన్ వైపు చూసింది. అతను కిటికీలోంచి బయట పడుతున్న వాన వైపు చూశాడు.

ఫోను చాలాసేపు మోగింది. పుష్పవల్లి స్పీకర్లో పెట్టింది. ముందు లారీ ఇంజను చప్పుడు, కొబ్బరికాయలు దొర్లుతున్న చప్పుడు, తర్వాత ఒక పెద్ద గొంతు గదంతా నిండిపోయింది.

"ఏటే గుంటా! పని టైములో ఫోన్ సేసినావు? ఒంట్లో బాగుందా?"

"బాగుంది మావా. స్పీకర్లో ఎట్టినాను, ఇక్కడ ప్రొఫెసరుగారు ఇంటన్నారు. నువ్వు బతికే ఉన్నావని ఒక్కపాలి సెప్పు."

అటువైపు దొర్లుతున్న కొబ్బరికాయలు ఆగాయి.

"నేను సచ్చిపోనానని ఎవులన్నారే? పొద్దుటే మూడు రోటి కనాయ్ తిన్నాను లాహ్! మీ అత్తనడుగు, నాలుగోది ఎట్టనేదని దెబ్బలాడినాను కూడాను."

రోటి కనాయ్ అంటే అక్కడి పరోటా, మాట చివరి 'లాహ్' అక్కడివాళ్ల ఊతపదం.

వసంతి ముందుకు వంగింది. ఇంతసేపూ ఇంగ్లీషు తప్ప పలకని ఆ మనిషి ఫోను దగ్గర నోరుపెట్టి తెలుగులో అడిగింది. "మీ పూర్తి పేరేటండి?"

"అప్పడు, ఏ-ఎల్ కూర్మయ్య అమ్మా."

"మరి మీ తాతగారి పేరు?"

"అప్పడు, ఏ-ఎల్ కూర్మయ్య."

"ఇద్దరికీ తండ్రి కూర్మయ్యే?"

"అవును మరి. మా తాత పేరు నాకెట్టినారు. తాతోళ్ల అయ్య పేరు మా అయ్యకెట్టినారు. మా ఇంట్ల పెద్దకొడుక్కి ఇలాగే. అప్పడి కొడుకు కూర్మయ్య, కూర్మయ్య కొడుకు అప్పడు. నా పెద్దోడు కూర్మయ్య. ఆడు ఐసీ గుర్తింపు కార్డుకెల్తే ఆఫీసులో ఇదే గొడవ, ఈ పేరు మనిసి ముందే ఉన్నాడు, సచ్చిపోనాడు అనీసి." అప్పడు గట్టిగా నవ్వాడు. "మా అమ్మ మావగారి పేరు నోటితో అనకూడదనీసి నన్ను చిన్నోడా అని పిలిసీది. అరవై దగ్గరకొచ్చినా లైనులో నేను చిన్నోణ్నే. ఏటమ్మా, ఏటైనా గొడవా?"

"గొడవేం లేదండి" అంది వసంతి. "మీరు పనిజూసుకోండి."

"మా గుంటని పాస్ సెయ్యండి అమ్మా. మంచి గుంట" అని అప్పడు ఫోను పెట్టేశాడు. పుష్పవల్లి సిగ్గుతో చచ్చిపోయింది.

వసంతి కుర్చీలో వెనక్కి వాలింది. ఆమె ముత్తాత ఎస్టేటులో కిరాణి, అంటే గుమాస్తా. కిరాణీల ఇళ్లలో పిల్లలకు వసంతి, ప్రేమ్‌నాథ్ అని కొత్త పేర్లు వెతికి పెట్టుకున్నారు. కూలీల లైనులో మాత్రం పేర్లు తాతనుంచి మనవడికి వస్తూనే ఉన్నాయి. రెండు ఇళ్ల మధ్య దూరం కేక వేస్తే వినపడేంత. అయినా ఈ సంగతి ఆమెకు ఇవాళే తెలిసింది.

"మరి రెండుగా పెట్టింది ఒకటెలా అయింది?" అంది.

అప్పుడు శివనేశన్ కరిపాప్ డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. కోర్టులో కత్తి పెట్టినట్టు పెట్టాడు.

"పుష్పా, ఈ సాఫ్ట్‌వేర్ లైబ్రరీ మనిద్దరి పేరునా ఉంది గదా. ఆఖరున మార్చింది ఎవరో చూపిస్తుంది. చూడు."

పుష్పవల్లి చూసింది. మార్చినవారు, శివనేశన్.

"ఐయో, నేనేనమ్మా" అన్నాడు. తమిళం, తెలుగు, ఇంగ్లీషు మూడూ కలిసిపోయాయి. "సబ్మిషన్‌కు ముందు వారం సాయం చేద్దామని కూర్చున్నాను. నువ్వు పెట్టినవి కొన్ని రెండేసిసార్లు పడ్డాయి. పుస్తకాలు. వాటిని కలిపెయ్యడానికి ఒక బటన్ ఉంటుంది. కలుపుకుంటూ పోయాను, ఇల్లు ఊడ్చినట్టు. అప్పడు దగ్గరికొచ్చాను. అదే పేరు, అదే తండ్రి, అదే ఊరు, అదే తోట. ఇద్దరని ఎవరనుకుంటారు లాహ్? నొక్కేశాను. తాతనూ మనవణ్నీ ఒక్క మనిషిని చేసేశాను. నీకు చెప్పాలని కూడా తోచలేదు."

పుష్పవల్లి అతనివైపు చూసింది. ఈ వారం రోజులూ ఆమె తిన్నది లేదు, పడుకున్నది లేదు. తనకు మతి పోయిందేమో, నిజంగానే ఏదో తప్పు రాసి మరిచిపోయిందేమో అని తనను తానే అనుమానించుకుంది. జయకుమార్‌కు ఫోన్లో ఏమీ చెప్పలేక, చెప్పకుండా ఉండలేక ఏడ్చింది. అదంతా ఒక బటన్. ఒక పెద్దాయన సాయం. ఆమెకు అరవాలనిపించింది. నోరు తెరిస్తే అరుపు రాలేదు, నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. గుండె మీదనుంచి తోటలోని కొబ్బరి బస్తాలన్నీ ఎవరో దింపినట్టయింది.

"డాక్టర్, మీరిక ఎప్పుడూ ఇల్లు ఊడవద్దండి" అంది ముక్కు తుడుచుకుంటూ.

"ఊడవను. మా ఆవిడ కూడా అదే అంటుంది" అన్నాడు శివనేశన్. అతని కళ్లూ తడిగానే ఉన్నాయి.

"పశ్చాత్తాపాలు తర్వాత. ముందు ఇద్దరినీ విడదియ్యగలవా?" అంది వసంతి.

విడదియ్యవచ్చు. కలిపేసినప్పుడు రెండోది మాయమైపోదు, చెత్తబుట్టలోకి వెళుతుంది. ఎవరూ ఆ బుట్ట ఖాళీ చెయ్యలేదు. పుష్పవల్లి అందులోకి వెళ్లి పెద్ద అప్పణ్ని వెనక్కి తెచ్చింది. ఏడాది 1986, క్యాసెట్ అట్ట మీద ఉన్నదే. పాత ఆడియోను మనవడి కిందనుంచి లాగి తాత కింద పెట్టింది. తర్వాత థీసిస్ తెరిచి, ఫుట్‌నోట్లు మళ్లీ సరిచూసుకోమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పింది.

ముగ్గురూ తెర మీదికి వంగారు. నలభయ్యో పేజీ అడుగున 2023 చెరిగి 1986 అయింది. తర్వాతి పేజీలో ఇంకొకటి. ఆ తర్వాత వరసగా, థీసిస్ పొడుగునా, తాత మాటలు తాత దగ్గరికి, మనవడి మాటలు మనవడి దగ్గరికి వెళ్లిపోయాయి. ఆఖరున గ్రంథసూచిలో అప్పడు, అప్పడు అని ఇద్దరూ ఒకరి కింద ఒకరు నిలబడ్డారు. వసంతి ఒక్కో పేజీ చూస్తూ థీసిస్‌లోంచి ఒక్కో గులాబి కాగితం పీకేసింది. పీకినప్పుడల్లా పుష్పవల్లి ఊపిరి కాస్త కాస్త కిందికి దిగింది.

"నా అట్టముక్కలైతే ఇవన్నీ మళ్లీ చేత్తో టైపు చేసుకోవాలి" అంది వసంతి, ఎవరూ అడగకుండానే. కరిపాప్ డబ్బా మూత తీసింది. "ఇది నేర్చుకోడానికి ఎన్నాళ్లు పడతాదే అమ్మాయ్?"

ఆ 'అమ్మాయ్' విన్నాక పుష్పవల్లికి బాగా ఆకలేసింది. కరిపాప్‌లు చల్లారిపోయాయి, ఆ పూటకు అవే విందు. పరీక్షకురాలి నివేదిక వసంతి ముందు ఉంది. 'ఆధారాలు సరిచూశాను, సంతృప్తికరం' అని రాసి, సంతకానికి కలం దించబోయి ఆగింది.

"ఆ పెద్దాయన గొంతు ఒక్కపాలి వినిపించు. ఇన్ని పేజీలు చదివించినాడు, మాట ఎలాగుంటాదో వినాలనుంది."

పుష్పవల్లి క్యాసెట్ ఫైలు నొక్కింది. ముందు టేపు బుస. రేకుల మీద వాన. తర్వాత బొంగురుగా, తీరిగ్గా, ఒక ముసలి గొంతు పొగకొట్టంలో చిప్పలు ఎలా పేర్చాలో చెప్పింది. మధ్యలో ఎవరో అడిగారు.

"కళ్లు మండవా అప్పడూ?"

"మండితే ఏటి సేస్తాం అయ్యగారూ. కన్నీల్లు తుడుసుకోనానికి సెయ్యి కాలీ ఉండొద్దా?"

అడిగిన మనిషి చిన్నగా నవ్వాడు. గొంతు సవరించుకున్నాడు, రెండుసార్లు, తలుపు తట్టినట్టు. "ఊఁ. తరవాత?" అన్నాడు.

వసంతి చేతిలో కలం కదలలేదు.

"మళ్లీ పెట్టు" అంది.

పెట్టింది. మళ్లీ ఆ నవ్వు, ఆ సవరింపు, ఆ 'ఊఁ, తరవాత?'. వసంతి కళ్లు మూసుకుని వింది. తెరిచాక తెర మీద ఆ రికార్డింగు వివరాలు చూసింది. మాట్లాడినవారు, అప్పడు. అడిగినవారు అన్న గడిలో 'తెలియదు' అని ఉంది.

"తెలియదని ఏల రాసినావు?"

"అప్పడు మావ ఇంట్ల దొరికిన టేపులో పేరు లేదు ప్రొఫ్. కిరాణీల ఇంటోళ్లని మావోళ్లు పేరెట్టి పిలవరు గదండి. తాత అయ్యగారూ అనే అన్నాడు. అప్పడు మావకీ తెల్దు. బాగన్ దాతుక్‌లో ఉన్న పెద్దోళ్లందర్నీ అడిగినాను."

"నన్నడగనేదు" అంది వసంతి. "ఆయన పేరు రామదాసు. మా నాన్న."

శివనేశన్ చేతిలో కరిపాప్ అలాగే ఉండిపోయింది.

"స్కూలు మేష్టరు. ఆదివారం ఆదివారం క్యాసెట్ పెట్టె సంకనేసుకుని ఎక్కడికో పోయీవాడు. ఎక్కడికో సెప్పీవాడు కాదు. ఎస్టేటు లైనుకి ఎల్లినాడంటే మా మామ్మ ఊరుకోదు గదా. అమ్మ ఎన్ని మాటలందో. ఆయన పోయినాక ఇల్లంతా వెతికినాం, ఆయన గొంతు ఉన్న టేపు ఒక్కటీ లేదు." కళ్లజోడు తీసి పైటతో తుడిచింది. కళ్లు తుడుచుకోలేదు, వాటిని కారనిచ్చింది. "ఇక్కడున్నాడు. నీ పెట్టెలో ఉన్నాడు."

పుష్పవల్లి లేచి వెళ్లి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ప్రొఫెసరు భుజం మీద అలా చెయ్యి వెయ్యవచ్చునో లేదో ఆలోచించలేదు. ఒక గంట కిందట ఇదే గదిలో తాను దొంగ. ఇప్పుడు ఎవరికో తండ్రిని వెతికి ఇచ్చింది. ఇంత సంతోషం ఒక్కరోజులో ఎలా ఇముడ్చుకోవాలో ఆమెకు తెలియలేదు.

ఆ సంతోషంలోంచి ముందు తేరుకున్నది శివనేశన్.

"ప్రొఫ్" అన్నాడు నెమ్మదిగా. "థీసిస్‌లో సగం ఈ టేపు మీదే నిలబడింది. అడిగింది మీ నాన్నగారని రాస్తే, మీరు దీనికి పరీక్షకులుగా ఉండకూడదు. నిబంధన."

అవును. సొంత తండ్రి చేసిన పని మీద కూతురు తీర్పు చెప్పకూడదు. కొత్త పరీక్షకుణ్ని వెతకాలి, ఆయన ఒప్పుకోవాలి, మొదటినుంచి చదవాలి. డిసెంబరు దాటిపోతుంది. పుష్పవల్లికి ఇదంతా ఒక్క క్షణంలో అర్థమైంది. వసంతి భుజం మీదున్న చెయ్యి తీసేసింది.

"ముందు సంతకం పెట్టెయ్యండి. పేరేదో పుష్ప పుస్తకం అచ్చయ్యేటప్పుడు చేర్చుకుంటుంది లాహ్" అన్నాడు శివనేశన్. "ఈ సంగతి తెలిసింది ఈ గదిలో ఉన్న మన ముగ్గురికే కదా."

వసంతి సంతకం పెట్టలేదు, కలం కింద పెట్టనూ లేదు. లాప్‌టాప్‌ను పుష్పవల్లి వైపు తిప్పింది.

"థీసిస్ నీది, ఆ గడీ నీదే" అంది. "ఇందాక నువ్వేగా సెప్పినావు, నువ్వు ఇచ్చిందే అది దాస్తాదని. సెప్పు. ఏటి సేద్దాం?"

పుష్పవల్లి ఫోను బల్ల మీద వణికింది. జయకుమార్. 'ఇల్లు దొరికింది. కాలేజీకి దగ్గరే. తాళం తీసుకోమంటావా?' అని మెసేజి. ఆమె ఆ మూడు ముక్కలూ చదివింది. మరోసారి చదివింది. ఆ ఇంటికి కిటికీలు ఎలా ఉంటాయో, వంటిల్లు ఎటువైపో కూడా ఆ కాసేపట్లోనే ఊహించుకుంది. ఫోను బోర్లా పెట్టింది.

ఆ గడిలో ఒక్కసారి టైపు చేస్తే చాలు. ఒక్కో ఫుట్‌నోటూ తనంతట తనే మారిపోతుంది, థీసిస్ పొడుగునా. ఆదివారాలు ఎవరికీ చెప్పకుండా వానలో రేకుల కింద కూర్చుని 'ఊఁ, తరవాత?' అని అడిగిన మనిషికి పేరు వస్తుంది. టైపు చెయ్యకపోయినా చాలు. తనకు అన్నీ వస్తాయి.

ఆమె కూర్చుని 'తెలియదు' అన్న మాటను చెరిపేసింది. గడి ఖాళీ అయింది. వేళ్లు కీల మీద పెట్టి, తలెత్తి అడిగింది.

"ప్రొఫ్, రామదాసుగారి అయ్య పేరేటండి? ఏ-ఎల్ తరవాత ఏటి రాయాలి?"

వసంతి ఆమెవైపే చూస్తూ ఉండిపోయింది. చేతిలోని కలానికి ఇంకా మూత పెట్టలేదు.